చెవి అడిగితేనే గీత

షాపు, వెనక బల్ల
సోమవారం మధ్యాహ్నం

అక్కా,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను. కళ్ళ డాక్టరమ్మ బండి మూడోసారి వెనక్కొచ్చింది.

ఆవిడ మన దగ్గర స్పీకర్లూ ఆంప్లిఫయరూ పెట్టించుకుని ఏడు నెలలైంది. ఇంజిను ఆపి పాట పెడితే ఏ లోపమూ లేదు. ఇంజిను స్టార్టు చేస్తే చాలు, పాట వెనకాల సన్నగా ఒక కీచు మొదలవుతుంది. యాక్సిలరేటరు తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. వాల్యూము సున్నా చేసినా పోదు. "దోమని పెంచుకోవడానికి మీకు ఇంత డబ్బిచ్చానా?" అంది డాక్టరమ్మ.

మొదటిసారి వచ్చినప్పుడు "వినగా వినగా అలవాటైపోతుందండీ" అన్నాను. రెండోసారి ఒక ఫిల్టరు తగిలించాను. కీచు సగం తగ్గింది, దాంతోపాటు పాట కూడా సగం పోయింది. ఈసారి ఆవిడ తాళాలు కౌంటరు మీద పడేసి, కుర్చీల్లో కూర్చున్న ముగ్గురి ముందు, "ఈ షాపు బోర్డు చూస్తేనే నాకు రోత పుడుతోంది" అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాన్న పేరున్న బోర్డు అక్కా అది. అప్పట్నుంచి నాకు టీ కూడా దిగడం లేదు.

నిన్న పొడుగాయన్ని అడిగాను. పద్నాలుగేళ్ళుగా మన దగ్గర వైర్లు లాగుతున్న మనిషి కదా, ఏమైనా తడుతుందేమోనని. "రేపు పొద్దున్నే ఒక అరగంట బండి నాకొదిలెయ్యండి, చూస్తాను" అన్నాడు. నేనే వద్దన్నాను. అది నువ్వు విని పాస్ చేసిన బండి. నిన్నడక్కుండా దాని మీద ఇంకొకరి చెయ్యి పడటం నాకిష్టం లేదు. నువ్వు పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఐదు నెలలైనా, ఇక్కడ అందరూ ఇంకా "చెవుల అక్క షాపు" అనే అంటారు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఉత్తరమే రాయమన్నావని రాస్తున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


ట్రైనింగ్ స్కూలు, హాస్టల్ గది
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

ఛీ. ఫిల్టరా? నాన్న ఉండి ఉంటే ఆ ఫిల్టరు నీ చేతే మింగించేవాడు. ఫిల్టరంటే కంపు మీద అత్తరు చల్లడం. మసిపూసి మారేడుకాయ చేసే పని మన షాపులో నాన్న చెయ్యలేదు, నేను చెయ్యలేదు. ఆ "అలవాటైపోతుందండీ" అన్న మాట చదివి నాకు ఒళ్ళు జలదరించింది. పాచిపోయిన కూర వడ్డించి అలవాటు చేసుకోమన్నట్టుంది.

ముందు దాన్ని పీకి చెత్తబుట్టలో పడెయ్యి. తరువాత నేను చెప్పిన వరసలోనే చూడు. ఇంజిను నడుస్తుండగా ఆంప్లిఫయరు దగ్గర సిగ్నల్ వైర్లు రెండూ ఊడదియ్యి. కీచు ఆగితే అది సిగ్నల్ దారిలోంచి వస్తోంది, పవర్ వైరూ సిగ్నల్ వైరూ ఎక్కడో ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఆగకపోతే తప్పు ఎర్త్‌ది. ఎర్త్ వైరు కరెంటుని బండి ఇనుముకి అప్పగించాలి. ఆ ఇనుము దానికి సరిగా అందకపోతే ఇంజిను అరుపంతా స్పీకర్లలోకి వచ్చి పడుతుంది. ఇవన్నీ నీకు వందసార్లు చెప్పాను. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నాన్న నియమం గుర్తుందా? కొత్త బండి ఒంటిమీద గీత పడాలంటే చెవి అడగాలి. ముందు ఎర్త్‌ని ఏదో ఒక బోల్టు కింద ఊరికే బిగించి, ఇంజిను తిప్పి వినాలి. కీచుమంటే అప్పుడు చాకు తీసి బోల్టు కింద పెయింటు గీకాలి. ఏ చప్పుడూ లేకపోతే ఆ బండిని అలాగే వదిలెయ్యాలి. డాక్టరమ్మ బండిలో చివరి పరీక్ష నేనే చేశాను. వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, నాన్న చేసినట్టే. ఏమీ లేదు. కాబట్టి నా తరువాత ఎవడో అందులో చెయ్యి పెట్టాడు. ఎవడో తేల్చు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో అడిగితే నోటికొచ్చింది చెప్తావు. రాయాలంటే కాస్త చూసి రాస్తావు. ఇక్కడ నా పిల్లలూ అంతే. బబుల్‌గమ్ నమిలి బెంచీ కింద అంటించే వెధవలు. నిన్న ఒక బెంచీ కింద చెయ్యి పెడితే నాలుగు వేళ్ళూ అతుక్కున్నాయి. మూడుసార్లు సబ్బుతో కడిగినా ఆ జిగురు పోలేదు.

అక్క


షాపు, వెనక బల్ల
శనివారం

అక్కా,

నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. ముందు ఫిల్టరు పీకేశాను.

తరువాత వైర్ల దారి చూద్దామని వెనక సీటెత్తి కార్పెట్ తీశాను. డాక్టరమ్మ కళ్ళు ఎంత శుభ్రంగా చూస్తుందో తెలియదు కానీ, బండి మాత్రం ఎన్నడూ చూసినట్టు లేదు. కార్పెట్ కింద నానిపోయిన బిస్కెట్లు, వెంట్రుకల ఉండ, ఎప్పుడో ఒలికి నల్లగా గడ్డకట్టిన దగ్గుమందు. దానికి అంటుకుని చచ్చిన ఈగలు. పట్టకారుతో ఏరాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగి తీసుకెళ్ళాను.

సిగ్నల్ వైర్లు ఊడదీశాను. కీచు ఆగలేదు. అంటే ఎర్తే. డిక్కీలో స్టెప్నీ పక్క బోల్టు విప్పి చూస్తే, దాని కింద పెయింటు చెక్కు చెదరకుండా నిగనిగలాడుతోంది. గీకిన గుర్తే లేదు. ఒక విడి వైరు తీసుకుని ఆంప్లిఫయరు నుంచి సీటు కింద పెయింటు లేని ఇనుముకి ఆనించాను. కీచు చప్పున పోయింది. తీశాను, మళ్ళీ వచ్చింది. నాలుగుసార్లు ఆనించి తీశాను, నాలుగుసార్లూ అంతే.

ఇంకో మాట. ఇన్సూరెన్సాయనా, ఫొటోగ్రాఫరూ, ఆ డాన్సు టీచరూ కూడా ఇదే రాగం తీసేవాళ్ళు. నేనే ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. సిగ్గొదిలేసి ముగ్గుర్నీ పిలిచి డిక్కీలు తెరిపించాను. అదే బోల్టు, అదే పెయింటు. మొత్తం నాలుగు బండ్లు. అన్నీ నువ్వున్నప్పుడు చేసినవే. నువ్వు వెళ్ళాక చేసినవి ఒక్కటీ వెనక్కి రాలేదు, అదే వింతగా ఉంది.

పొడుగాయనకి నేనింకా ఏమీ చెప్పలేదు. డాక్టరమ్మ బండిని కూడా నువ్వు చెప్పేదాకా అలాగే ఉంచుతాను.

నీ తమ్ముడు


ట్రైనింగ్ స్కూలు, హాస్టల్ గది
మంగళవారం

తమ్ముడూ,

వింతేముంది అందులో? నేనున్నప్పుడు చేసినవాటికే ఇలా అయిందంటే ఎవరో కావాలని చేసినట్టే.

నాకిప్పుడు ఒకటి గుర్తొస్తోంది. పోయిన రెండేళ్ళూ పొడుగాయన నాకంటే ముందే షాపుకొచ్చేవాడు. నేను వచ్చేసరికి, ముందురోజు సాయంత్రం నేను పాస్ చేసిన బండి డిక్కీ తెరిచి, తన పొడుగంతా మూడు మడతలు పెట్టి లోపల దూరి, ఏదో కెలుకుతుండేవాడు. ఏంటని అడిగితే "దుమ్ము తుడుస్తున్నానక్కగారూ" అనేవాడు. డిక్కీలో దుమ్ము ఎవడు తుడుస్తాడురా? నేను సరిగ్గా బిగించిన ఎర్త్ విప్పి, తన చేతికి అందే బోల్టుకి మార్చేవాడన్నమాట. ఎందుకో వాడికే తెలియాలి. నా మీద కుళ్ళు కావచ్చు. పద్నాలుగేళ్ళు మన ఉప్పు తిని చేసిన పని ఇది.

వైరు చెడిపోతే మార్చుకోవచ్చు. చెయ్యి చెడిపోయిన మనిషిని షాపులో పెట్టుకుంటే ఆ కుళ్ళు అన్ని బండ్లకీ పాకుతుంది. రేపే పంపించెయ్యి. జాలి పడకు. నాన్న అయినా ఇదే చేసేవాడు.

ఎక్కడ తప్పు చేశాడో వాడికి చెప్పక్కర్లేదు. వాడికి తెలుసు.

అక్క


షాపు, వెనక బల్ల
శుక్రవారం

అక్కా,

పంపించేశాను.

నిన్న పొద్దున కౌంటరు దగ్గరికి పిలిచి, "ఇంక రావద్దండీ, నాలుగు బండ్లూ చూశాం" అన్నాను. ఆయన గొడవ పెడతాడేమో, ఏమైనా అంటాడేమో అని రాత్రంతా జవాబులు తయారుచేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. ఒకటే అడిగాడు: "అక్కగారు చెప్పారా?" అవునన్నాను. "సరేనండీ" అన్నాడు. జేబుల్లోంచి కట్టరూ, టెస్టరూ, టేపు చుట్టా తీసి, గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ కౌంటరు మీద వరసగా పెట్టాడు. నాకు ఆ పరికరాల వైపు చూడ్డానికి మనసు ఒప్పలేదు. ఇంకా అక్కడే ఉన్నాయి.

నాన్న గీకుడు చాకు మాత్రం కనపడటం లేదు. అది ఆయన దగ్గరే ఉండిపోయినట్టుంది. అడగడానికి నోరు రాలేదు.

ఆయన భార్య ఆపరేషన్ తరువాత ఇంకా పూర్తిగా కోలుకోలేదట. ఈ సంగతి పక్క టైర్ల షాపువాడు చెప్పాడు. నన్ను చూసి ఉమ్మేసి మరీ చెప్పాడు. ఈ షాపు తలుపు తియ్యాలంటే నాకు అసహ్యంగా ఉంది. అద్దంలో ముఖం చూసుకోవాలన్నా అంతే.

ఒక చిన్న సంగతి రాయడం మర్చిపోయాను. ఆ నాలుగు బండ్లలో వైర్లకి చుట్టిన టేపు చాలా నీటుగా ఉంది. ప్రతి చుట్టకీ చివర చిన్న మడత ఉంది, తరువాత విప్పేవాడి గోరుకి దొరికేలా.

నీ తమ్ముడు


ట్రైనింగ్ స్కూలు
సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది.

డెలివరీ పుస్తకం తీసి ఆ నాలుగు బండ్లూ ఏ తారీఖుల్లో బయటికెళ్ళాయో చూసి రాయి. పొడుగాయన సెలవులో ఉన్న తారీఖులు కూడా రాయి. ఇంకేమీ రాయక్కర్లేదు.

డాక్టరమ్మ బండిని ముట్టుకోకు.

అక్క


షాపు, వెనక బల్ల
గురువారం

అక్కా,

భార్య ఆపరేషన్ కోసం ఆయన పదకొండు రోజులు సెలవు పెట్టాడు. నాలుగు బండ్లూ ఆ పదకొండు రోజుల్లోనే బయటికెళ్ళాయి. అంతకు ముందు రోజు వెళ్ళిన బండి వెనక్కి రాలేదు. ఆయన తిరిగొచ్చిన రోజు వెళ్ళిందీ రాలేదు. నువ్వడిగింది ఇంతే. కానీ నేను ఇంతతో ఆపలేను.

నిన్న ఆయన ఇంటికెళ్ళాను. రెండు గదులు. ముందు గదిలో ఆవిడ పడుకుని ఉంది. ఆయన స్టవ్ దగ్గర నిలబడి గిన్నెలు తోముతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని కుర్చీ జరిపాడు. గెంటించుకున్న మనిషి గెంటినవాడికి కుర్చీ వెయ్యడం ఎప్పుడైనా చూశావా? కూర్చోలేకపోయాను. నిలబడే అడిగాను, "పొద్దున్నే వచ్చి డిక్కీల్లో ఏం చేసేవారు?" అని.

ఆయన మళ్ళీ గిన్నె అందుకున్నాడు. ఆవిడే మంచం మీంచి, "చెప్పెయ్యండి, ఇంకెన్నాళ్ళు దాస్తారు" అంది. అప్పుడు అల్మరాలోంచి చాకు తీసి నా చేతిలో పెట్టాడు. నాన్న చాకు. రెండేళ్ళ క్రితం వేలంత వెడల్పుండేది కదా, ఇప్పుడు సగానికి అరిగిపోయింది.

"అక్కగారు పాస్ చేసిన బండి కీచుమంటుంటే, పొద్దున్నే ఒకళ్ళు గీకాలి కదండీ" అన్నాడు. "ఆవిడకి సన్నటి చప్పుడు వినపడటం మానేసి రెండేళ్ళు దాటింది. బండి నడుస్తుంటే నాకు గుమ్మంలోకి వినపడేది, వెనక సీట్లో ఉన్న ఆవిడకి వినపడేది కాదు. ఎలా చెప్పను? నాకీ పని నేర్పింది ఆవిడే."

మరి తీసేస్తున్నామన్నప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "నేను సెలవులో ఉన్నానని చెప్తే, మరి పని చేసిందెవరని అడుగుతారు. ఆ జవాబు నా నోట్లోంచి రావడం నాకిష్టం లేదండీ." రేపట్నుంచి రమ్మని బతిమాలాను. రానన్నాడు. "నేను మళ్ళీ వస్తే ఎందుకొచ్చానని నలుగురూ అడుగుతారు. అక్కగారి చెవిని అమ్ముకుని వచ్చే ఉద్యోగం నాకొద్దు."

ఇప్పుడు నా సంగతి. అక్కా, కార్పెట్ తీసిన రోజే ఆ టేపు మడతలు చూశాను. పొడుగాయన టేపు చివర బ్లేడుతో కోసేస్తాడు, మడవడు. నాన్న తరువాత మడిచేది నువ్వొక్కదానివే. చూశాను, గుర్తుపట్టాను, అయినా ఆ ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. ఆయన్ని పంపించాక రాశాను. నీతో చెప్పడం కంటే ఆయన్ని గెంటడం నాకు తేలికైంది. నువ్వు ఫోన్ ఎత్తకపోవడం, టీవీ గోడలదిరేలా పెట్టుకోవడం, నేను పక్కనుంచి పిలిస్తే పలక్కపోవడం, ఇవన్నీ నాకు ఎప్పట్నుంచో తెలుసు. డాక్టరమ్మ మన బోర్డుని చూసి రోత అంది. ఆవిడకి నన్ను చూపించాల్సింది.

నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి.

నీ తమ్ముడు


ట్రైనింగ్ స్కూలు, హాస్టల్ గది
ఆదివారం

తమ్ముడూ,

నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది? గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నేను ఎరిగి కూడా దాచుకున్నాను. నా పెట్టెలో బట్టల కింద చెవి డాక్టరిచ్చిన కాగితం ఉంది. షాపు వదిలిన నెలదే. సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి, మిగతావి కూడా పోతాయి అని అందులో ఉంది. పాఠాలు చెప్పడానికి పిలిచారన్నది నిజమే. కానీ నేను వచ్చింది పారిపోవడానికి. ఇక్కడ బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే చాలు, ఏదీ వినక్కర్లేదు.

చివరి పరీక్ష ఎలా చేసేదాన్నో నీకు చెప్తాను. కళ్ళు మూసుకుని, ఎవరికీ కనపడకుండా ఒక చెయ్యి స్పీకరు జాలీ మీద ఆనించేదాన్ని. చప్పుడుంటే వేళ్ళకి తగులుతుందనుకున్నాను. లావు చప్పుడు తగులుతుంది. సన్న కీచు వేళ్ళకి అందదు. ఈ పాఠం నేను పిల్లలకి చెప్తున్నాను కూడా, సొంత వేళ్ళ విషయంలో మాత్రం మర్చిపోయాను. వేళ్ళకి ఏమీ తగల్లేదు కాబట్టి చాకు తియ్యలేదు. చెవి అడగందే గీత పడకూడదన్న నాన్న నియమం, అడిగే చెవే లేనిదాని చేతిలో అలా తగలడింది. అయినా నేనున్నన్నాళ్ళూ ఒక్క బండీ నా దాకా వెనక్కి రాలేదు కదా. నా వేళ్ళే నాకు చెవులయ్యాయని గర్వపడ్డాను. పొద్దున్నే ఒక మనిషి డిక్కీలో మూడు మడతలు పడి నా గర్వాన్ని నిలబెడుతున్నాడని తెలియలేదు. ఆ మనిషిని నేను కుళ్ళు అన్నాను. చెయ్యి చెడిపోయిందన్నాను.

నీ మడతల ఉత్తరం చదివినప్పుడే నాకంతా అర్థమైంది. అయినా వెంటనే ఒప్పుకోలేదు, తారీఖులు అడిగాను. ఏదో ఒక బండి ఆ పదకొండు రోజులకి బయట పడుతుందేమో, తప్పు ఆయన మీదే ఉండిపోతుందేమో అని ఆశపడ్డాను. మూడు రోజులు అలా ఆశపడ్డాను తమ్ముడూ. బెంచీ కింద బబుల్‌గమ్ కంటే రోతగా ఉంది నాకు నేను. దీన్ని ఎన్ని సబ్బులతో కడగను?

నా మొదటి ఉత్తరంలో చెవిటివాడి ముందు శంఖం అని నిన్ను దెప్పాను. నువ్వు నవ్వుకుని ఉంటావు. నవ్వుకోలేదంటే నేను నమ్మను.

ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఈ ఉత్తరం తీసుకుని పొడుగాయన ఇంటికెళ్ళు. మొత్తం చదివి వినిపించు, ఆవిడకి కూడా. ఏ మాటా మింగకు. తరువాత శుక్రవారం డాక్టరమ్మనీ, మిగతా ముగ్గుర్నీ, టైర్ల షాపువాణ్ణీ పిలిచి, ఆయన పరికరాలు పెట్టిన ఆ కౌంటరు దగ్గరే నిలబడి మళ్ళీ చదువు. ఆయన నా చెవిని అమ్ముకోనన్నాడు. ఇందులో ఆయన అమ్మేదేమీ లేదు, నా చెవి సంగతి నేనే చెప్తున్నాను. అప్పుడు ఆయన ఎందుకు తిరిగొచ్చాడని ఎవరూ అడగరు, ఎందుకు పంపించారని మనల్ని అడుగుతారు. అడగనీ.

రాననే అంటే బలవంతం చెయ్యకు. ఈ ఒక్క బండికి మాత్రం రమ్మన్నానని చెప్పు.

శనివారం పొద్దున్నే బస్సు దిగుతాను. డాక్టరమ్మ బండి షాపు ముందు పెట్టి ఉంచు. వెనక సీట్లో నా చోట ఆయన కూర్చోవాలి. ఇంజిను నువ్వు తిప్పు. డిక్కీలో నేను దూరతాను. ఆ చాకు నాకు తెమ్మను, పని అయ్యాక మళ్ళీ ఆయనకే ఇచ్చేస్తాను. కీచు పోయిందని ఆయన చెయ్యెత్తేదాకా నేను గీకుతూనే ఉంటాను. పోయిందో లేదో నాకు తెలియదు కాబట్టి, చెయ్యి బాగా పైకెత్తమను.

అక్క